బీచ్ పక్కన అద్దె ఫ్లాట్: వంటింట్లో ఎవరుంటారు?

ప్రశ్న: మేం ఆరుగురం. మావారు, నేను, 9 ఏళ్ల పాప, 4 ఏళ్ల బాబు, అత్తయ్యగారు, మామయ్యగారు. నాలుగు రాత్రులు సముద్రం దగ్గర గడిపి రావాలని ఉంది. హోటల్లో మూడు గదులు తీసుకునే బదులు బీచ్ పక్కన ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుంటే అందరం ఒకచోట ఉంటాం, వంట చేసుకోవచ్చు, ఖర్చూ కలిసొస్తుందని నా ఆలోచన. మావారేమో "అక్కడికెళ్లి కూడా ఇల్లు నడుపుతావా?" అంటున్నారు. రెండు ఫ్లాట్లు చూసిపెట్టాను. ఒకటి నాలుగో అంతస్తు, ఎదురుగా సముద్రం, పెద్ద బాల్కనీ. రెండోది వెనక వీధిలో గ్రౌండ్ ఫ్లోర్. సముద్రం కనిపించదు గానీ నడిచి వెళ్లొచ్చట. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి గ్రౌండ్ ఫ్లోరే మేలేమో అనిపిస్తోంది. మొదటి ఫ్లాట్ ఓనరు యాప్‌లో కాకుండా నేరుగా డబ్బు పంపితే అద్దె తగ్గిస్తానంటున్నారు. ఏది తీసుకోమంటారు? ఇంకా బుక్ చేయనే లేదు, అప్పుడే టెన్షన్ మొదలైంది.

సమాధానం: మీ ఉత్తరంలో అసలు ప్రశ్న మీవారు అడిగారు. దానికి జవాబు తేలితే మిగతావి వాటంతటవే తేలతాయి. ఆయన మీ మీద జాలితో అన్నారో, హోటల్ మీద మోజుతో అన్నారో తెలియదు గానీ, మాటలో మాత్రం విషయం ఉంది.

హోటల్లో తువ్వాలు తడిస్తే ఇంకోటి వస్తుంది. బల్బు పోతే ఫోన్ చేస్తాం, మనిషి వస్తాడు. చెత్తబుట్ట ఎవరు, ఎప్పుడు ఖాళీ చేశారో మనం పట్టించుకోం. అద్దె ఫ్లాట్‌లో ఈ పనులన్నీ ఉంటాయి, చేసేవాళ్లే ఉండరు. చివరికి అవి ఎవరి నెత్తిన పడతాయంటే, ట్రిప్ ప్లాన్ చేసిన మనిషి నెత్తిన. నేను మొదటిసారి ఇలాంటి ఫ్లాట్‌లో దిగినప్పుడు వంటింట్లో అన్నీ ఉన్నాయని రాసి ఉంది. అబద్ధం కాదు, అన్నీ ఉన్నాయి. కుక్కర్ ఉంది, గాస్కెట్ లేదు. చాకు ఉంది, పదును లేదు. గిన్నెలు తోమే పీచు చివరి దశలో ఉంది. రెండో రోజు సాయంత్రం అందరూ సూర్యాస్తమయం చూసి వచ్చి ఎంత బాగుందో చెబుతుంటే, నేను సింకు ముందు నిలబడి విన్నాను. తప్పు ఫ్లాట్‌ది కాదు, ముందే పనులు పంచుకోకపోవడం మాది.

కాబట్టి వంట సంగతి ఇక్కడే తేల్చుకుని బయల్దేరండి. మూడు పూటలా వండితే మీకు సెలవు లేనట్టే. పొద్దున పూట ఇంట్లో, మిగతావి బయట అనుకోండి. అద్దె ఇంటి వంటిల్లు నిజంగా అక్కరకొచ్చేది చిన్న చిన్న వాటికే: రాత్రి బాబుకు పాలు వేడిచేయడానికి, పెద్దవాళ్ల మందులు ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి, సముద్రంలో ఆడి ఆకలితో వచ్చిన పిల్లలకు వెంటనే ఏదో ఒకటి చేతిలో పెట్టడానికి. మంచినీళ్లు తేవడం, చెత్త కింద పడేయడం, తాళంచెవి బాధ్యత మీవారికి రాసిచ్చేయండి. "ఇల్లు నడుపుతావా" అన్న మనిషికి ఇంట్లో ఉద్యోగం ఇవ్వడంలో న్యాయం ఉంది.

ఖర్చు కలిసొస్తుందా? మీకు కలిసొచ్చే అవకాశమే ఎక్కువ. కానీ రోజు అద్దె చూసి లెక్కేయకండి. క్లీనింగ్ ఫీజు, యాప్ సర్వీస్ ఫీజు, పన్నులు కలిపి చివరి పేజీలో వచ్చే మొత్తాన్ని నాలుగుతో భాగించి, అప్పుడు హోటల్ గదులతో పోల్చండి. క్లీనింగ్ ఫీజు సాధారణంగా బసకు ఒక్కసారే పడుతుంది. అందుకే ఒక్క రాత్రికి ఫ్లాట్ తీసుకుంటే హోటల్ కంటే ఖరీదు కావచ్చు, రోజులు పెరిగేకొద్దీ ఆ భారం పలచబడుతుంది. ఆరుగురు, నాలుగు రాత్రులు అంటే ఫ్లాట్‌కే మొగ్గు. హాల్లో అందరూ కలిసి కూర్చోవడమనే సుఖం హోటల్లో మూడు గదులు తీసుకున్నా దొరకదు.

ఇక నేరుగా డబ్బు పంపమన్న ఓనరు సంగతి. పంపకండి. ఆయన మోసగాడని నేననను, యాప్ కమిషన్ తప్పించుకోవాలని చూసే మామూలు మనిషే కావచ్చు. కానీ మీకు ఆ తేడా తెలిసే దారి లేదు. యాప్‌లో కడితే డబ్బు మధ్యలో ఆగుతుంది. ఉదాహరణకు, ఇళ్లు అద్దెకు చూపించే ఎయిర్‌బీఎన్‌బీ యాప్ మీరు కట్టిన డబ్బును ఓనరుకు విడుదల చేసేది మామూలుగా చెక్ ఇన్ అయిన 24 గంటల తర్వాతే. మీరు వెళ్లేసరికి అక్కడ ఫ్లాటే లేకపోయినా, ఉన్నది ఫోటోల్లోది కాకపోయినా అడగడానికి ఒక చోటుంటుంది. బయట పంపిన డబ్బుకు అడిగేవాళ్లు లేరు, ఆ తర్వాత గొడవొస్తే యాప్ వాళ్లూ చేతులెత్తేస్తారు. "నాకు యాప్‌లోనే సౌకర్యమండి" అని మర్యాదగా ఒక్క మెసేజ్ పెట్టండి. దానికి చిరాకు పడితే ఆ ఫ్లాట్ వదిలేయండి. గీజర్ పనిచేయక ఫోన్ చేసినప్పుడు కూడా అదే మనిషి, అదే చిరాకు. ఈలోగా ఆ ఫోటోలను గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి. అవే గదులు వేరే ఊళ్లో, వేరే పేరుతో కనిపిస్తే సంగతి అర్థమైపోతుంది.

ఏ ఫ్లాట్ అన్న ప్రశ్నకు మీకు కాస్త ఆశ్చర్యం కలిగించే జవాబు చెబుతాను. అత్తయ్యగారి మోకాళ్ల కోసం గ్రౌండ్ ఫ్లోర్ అంటున్నారు. ఆ మోకాళ్ల కోసమే నేను నాలుగో అంతస్తు అంటాను. పొడి ఇసుకలో నడక మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చాలా కష్టం. ప్రతి అడుగూ దిగబడుతుంది, కాలు పెట్టిన చోట నిలవదు. మొదటి రోజు ఉత్సాహంగా వచ్చినా, రెండో రోజు నుంచి "మీరెళ్లి రండి, నేనిక్కడే ఉంటా" అంటారు. అలా ఉండిపోయినప్పుడు వెనక వీధి ఫ్లాట్‌లో ఆవిడకు కనిపించేది ఎదురింటి గోడ. నాలుగో అంతస్తు బాల్కనీలో కుర్చీ వేస్తే మనవలు నీళ్లలో గెంతడం కూడా కనిపిస్తుంది. ఆవిడకు దక్కే సముద్రం ఆ బాల్కనీయే.

అయితే దీనికి కొన్ని షరతులున్నాయి. "లిఫ్ట్ ఉందా?" అని అడక్కండి, ఉందనే అంటారు. "కరెంటు పోతే లిఫ్ట్ నడుస్తుందా?" అని అడగండి. గేటు నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లున్నాయని కూడా అడగండి. చాలా భవనాల్లో లిఫ్ట్ దగ్గరికి చేరడానికే ఐదారు మెట్లెక్కాలి. అది ఓనరుకు గుర్తుండదు, ఆయన మోకాళ్లు బాగానే ఉంటాయి కాబట్టి. బాత్రూమ్‌లు ఎన్ని, కమోడ్ ఉందా, గడప ఎత్తెంత? ఇవన్నీ విడివిడిగా అడిగే ఓపిక లేకపోతే ఒక కిటుకు ఉంది. గేటు దగ్గర మొదలుపెట్టి పెద్దవాళ్లు పడుకునే మంచం దాకా ఆపకుండా ఒక్క వీడియో తీసి పంపమనండి. రెండు నిమిషాల పని. ఫోటోల్లో మూలలు తప్పించవచ్చు, నడుస్తూ తీసిన వీడియోలో తప్పించడం కష్టం. ఫ్లాట్ అసలు ఆయనదేనా అన్న అనుమానం కూడా చాలావరకు తీరుతుంది.

రెండో షరతు మీ బాబు. బాల్కనీ రెయిలింగ్ ఊచల మధ్య సందు 4 అంగుళాలకు మించకూడదన్నది చాలాచోట్ల నిర్మాణ నిబంధనల్లో వాడే కొలత. అంతకంటే ఎక్కువైతే చిన్నపిల్లలు దూరిపోయే ప్రమాదం ఉంది. అడ్డ కమ్మీలున్న రెయిలింగ్ అయితే అది పిల్లలకు నిచ్చెన కింద లెక్క. వెళ్లగానే రెయిలింగ్ పక్కనున్న కుర్చీలు, టీపాయ్ లోపలికి జరిపేయండి. పెద్దవాళ్లు కూర్చున్నప్పుడే కుర్చీ బయటికి, లేచారంటే లోపలికి. ఇంకో మాట, సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. రెయిలింగ్‌ను అడుగు దగ్గర, నేలలోకి దిగిన చోట చూడండి. పైన కొత్తగా రంగేసి ఉన్నా కింద పొరలు పొరలుగా లేచిపోయి ఉంటే దాని మీద ఎవరూ ఆనుకోకుండా చూసుకోండి. బాల్కనీ తలుపుకు పైన గొళ్లెం లేకపోతే, పిల్లాడికి అందేలా ఉంటే, ఇక నా ఓటు గ్రౌండ్ ఫ్లోర్‌కే.

గ్రౌండ్ ఫ్లోర్ తీసుకోవాల్సి వస్తే "నడిచి వెళ్లొచ్చు" అన్న మాటను మ్యాప్‌లో పెట్టి చూసుకోండి. చాలా యాప్‌లు బుకింగ్ అయ్యేదాకా కచ్చితమైన చోటు చూపించవు, ఒక వలయం మాత్రమే చూపిస్తాయి. వీధి పేరు, దగ్గర్లో ఏముందో ఓనరునే అడిగి, ఉపగ్రహ చిత్రంలో ఆ దారి వెంట వేలు నడపండి. మధ్యలో పెద్ద రోడ్డు దాటాలా, బీచ్‌లోకి దిగడానికి అక్కడ దారి ఉందా, రాళ్ల గట్టు ఉందా? గీత గీస్తే 200 మీటర్లున్నది చుట్టూ తిరిగితే ముప్పావు కిలోమీటరు కావచ్చు. తడి బట్టలతో, ఇసుక కాళ్లతో, నిద్రొస్తోందని ఏడ్చే పిల్లాణ్ని ఎత్తుకుని ఆ దూరం నడవాల్సింది మీరే.

ఫోటోల గురించి ఒకటి చెప్పాలి. బీచ్ ఎంత విశాలంగా ఉందో అని మురిసిపోతాం గానీ, ఆ ఫోటో ఆటు సమయంలో తీసి ఉండొచ్చు. చాలా తీరాల్లో పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అంటే ఇవాళ పొద్దున 7 గంటలకు పోటొస్తే రేపు దాదాపు 7:50కి వస్తుంది. పౌర్ణమి, అమావాస్య రోజుల చుట్టూ నీళ్లు ఇంకా పైకి వస్తాయి. కొన్నిచోట్ల ఆ వేళకు ఫోటోలో చూసిన ఇసుక తిన్నె సగానికి సగం మాయమవుతుంది. మీరు వెళ్లే రోజుల పోటు వేళలు ఫోన్‌లో చూసుకుంటే పిల్లల ఇసుక గూళ్లు ఎప్పుడు కట్టించాలో తెలుస్తుంది.

గాలి సంగతి కూడా ఫోటోలో కనిపించదు. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది కాబట్టి గాలి సముద్రం మీంచి లోపలికి వీస్తుంది, బాల్కనీలో హాయిగా ఉంటుంది. రాత్రి నేల త్వరగా చల్లబడి గాలి దిశ మారుతుంది, నేల మీంచి సముద్రం వైపుకు, అదీ పల్చగా. మధ్యాహ్నం ఎంతో బాగున్న సముద్రం వైపు గది అర్ధరాత్రి ఉక్కపోస్తుందని చాలామంది ఆశ్చర్యపోతారు. అందుకే ప్రతి పడకగదిలోనూ ఏసీ ఉందా, చివరిసారి సర్వీస్ ఎప్పుడు చేయించారు అని అడగండి. ఉప్పు తేమ బయట యూనిట్‌లోని లోహపు రేకులను తినేస్తుంది, తీరంలో ఏసీలు తొందరగా మొరాయించడానికి కారణం అదే. ఎదురు కిటికీ తెరిస్తే గాలి ఆడుతుందా అన్నదీ చూసుకోవాల్సిందే.

"ఆరుగురికి సరిపోతుంది" అన్న మాటను కూడా విప్పి చూడండి. చాలాసార్లు దానర్థం రెండు పడకగదులు, హాల్లో ఒక సోఫా కమ్ బెడ్. దాని మీద పడుకున్నవాళ్లు అందరికంటే చివర పడుకుని అందరికంటే ముందు లేవాలి. ఎందుకంటే వంటింటికి దారి అటే.

రివ్యూలు చదవడానికి అరగంట కేటాయించండి. ఐదు నక్షత్రాలవి పొగడ్తలు, ఒక్క నక్షత్రంవి కోపాలు. పనికొచ్చేవి మూడు, నాలుగు ఇచ్చినవాళ్లు రాసినవి. "అంతా బాగుంది, కానీ" అని మొదలయ్యే వాక్యం దొరికితే అక్కడ ఆగండి. మీరు వెళ్లే నెలల్లోనే బస చేసినవాళ్ల మాటలు వెతకండి. చలికాలంలో దిగినవాళ్లకు ఏసీ సంగతి, ఎండాకాలంలో దిగినవాళ్లకు గోడల చెమ్మ సంగతి తెలియదు. రెండు మూడు రివ్యూల్లో ఒకే ఫిర్యాదు కనిపించి, ఓనరు ప్రతిసారీ "ఇప్పుడు సరిచేశాం" అని రాస్తుంటే అది సరికాలేదనే అర్థం.

చేరిన రోజు. వెలుతురుండగా చేరేలా చూసుకోండి. తాళంచెవి మనిషి ఇస్తాడా, గేటు దగ్గర కోడ్ డబ్బాలో ఉంటుందా ముందే అడిగి, ఆ కోడ్‌ను కాగితం మీద కూడా రాసుకోండి. దారిపొడవునా వీడియోలు చూసిన ఫోన్ సరిగ్గా గేటు ముందే చచ్చిపోతుంది. లోపలికి వెళ్లగానే సామాన్లు విప్పొద్దు. ముందు ఫోన్‌తో ఒక వీడియో: గోడ మీద మరకలు, విరిగిన హ్యాండిల్, పరుపు, టీవీ తెర, గ్లాసుల అంచులు. రేపు డిపాజిట్ దగ్గర మాటొస్తే అదే మీ సాక్ష్యం. కుళాయిలన్నీ తిప్పండి, ఏసీలన్నీ వేయండి, గీజర్ ఆన్ చేయండి. ఏది పనిచేయకపోయినా యాప్‌లోనే మెసేజ్ పెట్టండి. ఫోన్లో చెప్పినదానికి సాక్ష్యం ఉండదు. పైగా ఆలస్యం చేయకూడదు, ఎయిర్‌బీఎన్‌బీ అయితే సమస్య కనిపించిన 72 గంటల్లోపు చెప్పాలన్నది నియమం.

బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే జాగ్రత్త. కిటికీ గానీ, పొగ బయటికి పోయే గొట్టం గానీ లేని చోట దాన్ని వాడకండి. అలాంటి చోట కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు, చాలాసార్లు స్పృహ తప్పేదాకా తెలియదు. కెమెరాల భయం మీరు అడగలేదు గానీ చాలామందికి ఉంటుంది. ఎయిర్‌బీఎన్‌బీ 2024లో ఇంటి లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది. అయినా పడుకునే ముందు లైట్లార్పి, మంచం వైపు తిరిగి ఉన్న గడియారం, చార్జర్, పొగ అలారం మీద టార్చి వేసి చూడండి. లెన్స్ ఉంటే చిన్న మెరుపు కనిపిస్తుంది. రెండు నిమిషాల్లో ఆ అనుమానం తీర్చుకుని ప్రశాంతంగా పడుకోవచ్చు.

ఇప్పుడు నీళ్లు. ఇంత దగ్గరగా ఇల్లుండటంలో ఒక ప్రమాదముంది. హోటల్ నుంచి బీచ్‌కు ఒక ప్రయాణంలా వెళతాం, అందరం కలిసి. ఫ్లాట్ నుంచి అయితే "ఐదు నిమిషాలు వెళ్లొస్తా" అంటూ పిల్లలు జారుకుంటారు. పెద్దవాళ్లు తోడు లేకుండా గడప దాటకూడదన్న నియమం మొదటి రోజే పెట్టండి. మీ 9 ఏళ్ల పాపకు రిప్ కరెంట్ అంటే ఏమిటో బాల్కనీ నుంచే చూపించవచ్చు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నీళ్లు మళ్లీ లోపలికి పోవడానికి ఇరుకైన కాలువలాంటి దారి చేసుకుంటాయి. అలలు తెల్లగా విరిగే చోట్ల మధ్య, అలలు లేకుండా నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపించే పట్టీ చాలాసార్లు అదే. చూడ్డానికి అన్నిటికంటే ప్రశాంతంగా ఉంటుంది కాబట్టి పిల్లలతో స్నానానికి జనం సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో వేగం కొన్నిసార్లు సెకనుకు 8 అడుగుల దాకా కొలిచారు, ఒలింపిక్ ఈతగాడికి కూడా ఎదురీదడం కుదరదు. చిక్కుకుంటే ఒడ్డు వైపు కొట్టుకులాడకుండా తేలుతూ, చేయెత్తి పిలుస్తూ, వీలైతే ఒడ్డుకు సమాంతరంగా ఈదుతూ ఆ పట్టీ దాటాలి. లైఫ్‌గార్డ్ ఉన్న చోట, ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగండి. ఎర్ర జెండా ఉంటే ఆ రోజు నీళ్లు లేవనుకోండి. బాబు మోకాలి లోతులో ఉన్నా మీ చేయి అందేంత దూరంలోనే ఉండాలి, ఆ సమయంలో ఆ చేతిలో ఫోన్ ఉండకూడదు.

తిరిగొచ్చాక ఇసుకతో యుద్ధం. గుమ్మం బయట ఒక బకెట్ నీళ్లు, పాత తువ్వాలు పెట్టుకోండి. కింద కుళాయి ఉంటే ఇంకా మంచిది. ఇసుక కాళ్లు నేరుగా బాత్రూమ్‌లో కడిగితే తూము పూడిపోతుంది, ఇసుక బట్టలు నేరుగా వాషింగ్ మెషీన్లో వేస్తే దాని ప్రాణం తీస్తుంది. రెండింటి ఖర్చూ డిపాజిట్లోంచే పోతుంది. పూర్తిగా ఆరిన ఇసుక దులిపితే రాలిపోతుంది, తడి ఇసుకను ఎంత రుద్దినా వదలదు. కాబట్టి బట్టలు ముందు ఆరేసి, దులిపి, ఆ తర్వాతే ఉతకండి. ఇంటి నుంచి రెండు దుప్పట్లు, పదునున్న చాకు, గిన్నెల పీచు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు పట్టుకెళ్లండి. నా కుక్కర్ కథ గుర్తుంది కదా, వీలైతే మీ సొంత కుక్కర్ కూడా.

ఖాళీ చేసే రోజు పొద్దున ఓనరు ఏమేం ఆశిస్తున్నారో ముందురోజే అడగండి. గిన్నెలు కడిగి, చెత్త తీసి, ఏసీ, గీజర్ ఆపేస్తే చాలు. క్లీనింగ్ ఫీజు కట్టాక ఇల్లంతా తుడిచి రావక్కర్లేదు, మీకు మనసొప్పకపోయినా సరే. మొదటి రోజు తీసినట్టే ఇంకో వీడియో తీసి, డిపాజిట్ ఎన్ని రోజుల్లో వస్తుందో మెసేజ్‌లో రాయించుకోండి. ఇక తలుపు లాగే ముందు బాల్కనీలోకి ఒకసారి తొంగి చూడండి. అందరూ చార్జర్లు వెతుక్కునే హడావుడిలో, తీగ మీద ఆరేసిన బాబు నిక్కరు అక్కడే ఊగుతూ ఉంటుంది.